‘ఇతరాలు’ అన్న పద్దు ముందు విప్పండి

అమ్మా, మీ ప్రశ్నా, కింద మీరు వేసిన లెక్కా రెండూ చదివాను. కూకట్‌పల్లిలో ఉంటున్నారు. మీరిద్దరూ, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మొత్తం ఐదుగురు. రెండేళ్ల కిందట 13,000తో గడిచిన ఇంటి వెచ్చాలు ఇప్పుడు 18,400 అవుతున్నాయి. కందిపప్పు తగ్గించాలా, చౌక నూనెకు మారాలా, లేక మీ ఆడపడుచు చెప్పినట్టు బేగంబజార్ వెళ్లి ఏడాది సరుకు ఒకేసారి తెచ్చేసుకోవాలా అని అడిగారు. నెలలో ఇంకా పన్నెండు రోజులున్నాయి, చేతిలో డబ్బు అయిపోవచ్చింది, టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

మావారు, నేను గుంటూరులో 22 ఏళ్లు కిరాణా కొట్టు నడిపాం. 2019లో మూసేశాం. కాబట్టి గల్లాపెట్టె వెనక కూర్చుని ఎంతమంది చీటీలు చూశానో లెక్కలేదు. ఇప్పుడు నేనూ చీటీ రాసుకుని కొనుక్కునే మనిషినే. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీరు రాసిన లెక్క ఇదీ. బియ్యం 26 కిలోల బస్తా 1,600. పప్పులన్నీ కలిపి 900. నూనె ఏడు లీటర్లు 1,100. పాలు, పెరుగు 4,600. కూరగాయలు, పండ్లు 4,200. ఇతరాలు 6,000.

దిగులంతా కందిపప్పు మీద, నూనె మీద పెట్టుకున్నారు. కానీ బియ్యం, పప్పు, నూనె మూడూ కలిపితే 3,600. మొత్తంలో ఐదో వంతు. రేపు ఈ మూడింటి మీదా ఇరవై శాతం పెరిగినా మీకు అదనంగా పడేది 720 రూపాయలు. పోనీ, రెండేళ్లలో సరుకులన్నీ ఇరవై శాతం పెరిగాయనే అనుకుందాం. అప్పుడు 13,000 కాస్తా 15,600 కావాలి. మీరు 18,400 దగ్గరున్నారు. పైనున్న ఆ 2,800 ధరల మీదికి నెట్టలేం. అన్నిటికంటే పెద్ద పద్దు మీ చీటీలో చివరన, పేరు కూడా సరిగా లేకుండా కూర్చుని ఉంది చూడండి. ఇతరాలు, 6,000.

మా కొట్టు లెక్కల్లో మావారు ‘చిల్లర ఖర్చులు’ అని ఒక గడి పెట్టేవారు. ఒక ఏడాది చివర కూడితే అది కొట్టు అద్దె కంటే ఎక్కువ తేలింది. విప్పి చూస్తే టీలు, పురికొస, కవర్లు, హమాలీ చిల్లర, ఎలుకలు కొట్టిన సరుకు. ఒక్కటీ పెద్దది కాదు. అన్నీ కలిసి అద్దెను మింగేశాయి. ఆ మర్నాటి నుంచి ఆ గడి ఎత్తేసి దేనికది రాశాం. ఏమీ మానెయ్యలేదు, ఊరికే రాశాం. మూడు నెలల్లో సగానికి వచ్చింది.

మీ 6,000 కూడా అలాగే విప్పండి. ముందు సబ్బులు, బట్టల పౌడర్, టూత్‌పేస్ట్, షాంపూ పక్కన పెట్టండి, అవి తిండి లెక్క కాదు. మసాలా దినుసులు, నెయ్యి, జీడిపప్పు లాంటివి ఒకటి. పిల్లల చిరుతిళ్లు, బిస్కెట్లు, నూడుల్స్, జ్యూస్‌లు ఇంకొకటి. చివరిది ‘తొందరలో కొన్నవి’. అంటే అప్పటికప్పుడు ఫోన్ తీసి పది నిమిషాల్లో తెప్పించుకున్నవి: ఇడ్లీ పిండి, అల్లం వెల్లుల్లి ముద్ద, పనీరు, బ్రెడ్డు, వాటి మీద పడే డెలివరీ చార్జీలు. నా అంచనా ప్రకారం ఈ చివరిదాన్ని చూసి మీరే ఉలిక్కిపడతారు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మా కొట్టుకు రెండు రకాల వాళ్లు వచ్చేవారు. ఒకటో తారీఖున చీటీ రాసుకొచ్చి, నెల సామాను కట్టించుకుని వెళ్లేవాళ్లు. రోజూ సాయంత్రం చిన్న సంచితో వచ్చి పావు పప్పు, వంద గ్రాముల నూనె తీసుకునేవాళ్లు. కూలి డబ్బు ఏ రోజుకారోజు వచ్చే వాళ్లకు రెండో దారి తప్ప వేరే లేదు, వాళ్ల సంగతి వదిలేయండి. నెలజీతం ఉండి కూడా రోజూ వచ్చేవాళ్ల గురించి చెబుతున్నాను. పావు పప్పు కోసం వచ్చిన మనిషి ఉత్తగా పావు పప్పుతో వెళ్లినట్టు నాకు గుర్తు లేదు. ఎదురుగా సీసాల్లో చెగోడీలు ఉండేవి, తాడుకు ప్యాకెట్ల దండలు వేలాడేవి. అవి అక్కడ వేలాడదీసింది అందుకే కదా! ఖాతా పుస్తకం ఉన్నవాళ్లయితే ధర కూడా అడిగేవారు కాదు, ‘రాసుకోండి’ అనేవారు. ఇప్పుడు మీ ఫోన్‌లోని యాప్ ఆ ఖాతా పుస్తకమే. డబ్బు చేతిలోంచి వెళ్లదు కాబట్టి వెళ్లినట్టే ఉండదు. యాప్ తీసేయమని మాత్రం నేననను. రాత్రి తొమ్మిదింటికి పిల్లాడికి జ్వరమొస్తే అది అక్కరకొస్తుంది. ఒక డబ్బాలో నెలకు వెయ్యి రూపాయలు నోట్లుగా వేసి, యాప్‌లో కొన్నప్పుడల్లా అంత డబ్బు అందులోంచి తీసి వేరేచోట పెట్టండి. డబ్బా ఖాళీ అయితే ఆ నెలకు యాప్ బంద్. మా కోడలు ఇలాగే చేస్తోంది. మొదటి నెల పదమూడో తారీఖుకే ఖాళీ చేసింది, అది వేరే కథ.

మా వ్యాపారంలోని ఒక రహస్యం కూడా చెప్పేస్తాను, ఇప్పుడు కొట్టు లేదు కాబట్టి. బియ్యం, పంచదార, నూనె ధరలు ప్రతి ఇల్లాలికీ నోటికి వచ్చు. కిలోకు రూపాయి ఎక్కువేసినా పక్క కొట్టుకు పోతారు. అందుకని వాటి మీద మాకు మిగిలేది దాదాపు శూన్యం. మిగిలేదంతా జీలకర్ర, యాలకులు, లవంగాలు, గసగసాలు, జీడిపప్పు, కిస్‌మిస్ లాంటి వాటి మీద. వంద గ్రాముల యాలకులు ఎంతో ఎవరికీ నోటికి రాదు. పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు చేసేదీ ఇదే. పంచదార తక్కువకిచ్చి లోపలికి పిలుస్తాయి, మిగతా బండి నింపుతూ రాబట్టుకుంటాయి. అందుకని బేగంబజార్ వెళ్లమన్న మీ ఆడపడుచు మాటలో సగం నిజముంది. మసాలా దినుసులకు, డ్రైఫ్రూట్స్‌కు మూడు నాలుగు నెలలకోసారి అక్కడికి వెళ్తే బస్సు చార్జీలు పోను బాగానే మిగులుతుంది. జీడిపప్పు ఉప్మాకు, పాయసానికైతే ముక్కలు కొనండి, గుండ్లతో పనేంటి? బియ్యం, నూనె కోసం అంత దూరం మోసుకెళ్లి రావడం దండగ.

ఏడాది సరుకు మాటకొస్తే, ఏది ఎప్పుడు కొనాలో తెలిసి కొంటేనే లాభం. 2015 దసరా రోజులు నాకిప్పటికీ గుర్తు. వానలు లేక రెండేళ్లు పంట దెబ్బతిని కందిపప్పు కిలో 200 అయింది. కిలో కొనేవాళ్లు పావుకిలో అడిగారు. ఒకాయన మాత్రం ఇంకా పెరుగుతుందని భయపడి అప్పుచేసి మరీ పది కిలోలు పట్టుకెళ్లారు. ఆ తర్వాత ప్రభుత్వం దిగుమతులు పెంచింది, 2016లో మొజాంబిక్‌తో కందుల ఒప్పందం చేసుకుంది. ధర చూసి రైతులు కూడా కంది ఎక్కువే వేశారు. 2017కి వచ్చేసరికి కొట్లో కిలో వంద లోపే అమ్మాం. మద్దతు ధర రాక కంది రైతు ఏడ్చాడు. అప్పుచేసి కొన్నాయన తన పది కిలోల్లో చివరి రెండు కిలోలు పురుగు పట్టి పారేశారు. ధర నెత్తికెక్కినప్పుడు నెలకు సరిపడా మాత్రమే కొనాలి. దాచుకోవాలంటే పంట చేతికొచ్చినప్పుడు దాచుకోవాలి.

కొత్త కంది సంక్రాంతి ముందు నుంచి మార్కెట్‌కు వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో ఆరు నెలలకు కొనుక్కోండి. మీకు తాండూరు కందిపప్పు దగ్గర, దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, రుచి బాగుంటుంది. రెండు రోజులు ఎండబెట్టి, చల్లారాక డబ్బాలో పోసి, నాలుగు ఎండుమిరపకాయలు పడేస్తే చాలు. ఎండ వేడి మీదే మూత పెట్టారో, లోపల చెమ్మ పట్టి మొత్తం పాడవుతుంది. కందిపప్పు మానెయ్యడం, తగ్గించడం మాత్రం వద్దే వద్దు. ఎదిగే పిల్లలున్న ఇల్లు. ధర మరీ ఎక్కువున్న నెలలో రెండు రోజులు పెసరపప్పు, ఒక రోజు శనగపప్పు వేసి సొరకాయ వండండి. పప్పు మారినా ఫర్వాలేదు, పప్పన్నం మానకూడదు.

చింతపండు మార్చి, ఏప్రిల్‌లో కొత్తది వస్తుంది. ఏడాదికి సరిపడా కొనడానికి దీన్ని మించింది లేదు, ఎందుకంటే ఇది చెడిపోదు. ఐదుగురికి నాలుగైదు కిలోలు పడుతుంది. గింజ తీయనిది తక్కువకు వస్తుంది. టీవీ ముందు కూర్చుని గింజ, ఈనెలు తీసి, కల్లుప్పు కలిపి జాడీలో అదిమి పెట్టండి. నల్లబడినా పులుపెక్కడికీ పోదు.

మిరపకాయల గురించి గుంటూరు మనిషిని నేను మాట్లాడకపోతే ఎలా? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా మిర్చి యార్డు ఎర్రగా కళకళలాడుతుంది. ఆ సీజన్‌లో రెండు మూడు కిలోలు కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి మరపట్టించుకోండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి రైతులు రోడ్డెక్కితే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. అంటే కిలో 118 కూడా లేదు. ఆ నెలలో కారం ప్యాకెట్ మీద ధర నేను చూసినంతలో ఆ మేరకు దిగలేదు. సరుకు ధర పెరిగినప్పుడు ప్యాకెట్ వెంటనే పెరుగుతుంది, తగ్గినప్పుడు దానికి గుర్తుండదు.

ఉల్లిపాయలు ఏప్రిల్, మే నెలల్లో వచ్చే మహారాష్ట్ర రబీ ఉల్లి అయితే నిలవుంటుంది. పది కిలోలు కొని మంచం కింద గాలి తగిలేలా పరిస్తే శ్రావణం దాకా వస్తాయి. వానాకాలం పంట ఉల్లిలో నీరెక్కువ, అది వారానికి మించి కొనకండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఇవన్నీ పెట్టుకునే చోటెక్కడిదంటారేమో. అందుకే బియ్యం గురించి ఏడాది మాట ఎత్తలేదు. కొత్త బియ్యానికి, పాత బియ్యానికి కిలోకు చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది. జనవరిలో కొత్త సోనామసూరి రెండు బస్తాలు అదనంగా తెచ్చి వేపాకు వేసి మూలన పెట్టగలిగితే, వానాకాలానికి అవే పాత బియ్యం. చోటు లేకపోతే వదిలేయండి, పెద్ద నష్టం లేదు. బస్తా 26 కిలోలు ఎందుకో మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? 2022 జులై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. మిల్లుల వాళ్లు ఇంకో కిలో కలిపి గీత దాటేశారు. కాబట్టి ఐదు కిలోల, పది కిలోల సంచీలు కొంటే ఆ పన్ను కూడా మీరే కడుతున్నట్టు. రేషన్ కార్డు ఉంటే మొహమాటపడకండి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యమే ఇస్తున్నారు.

నూనెకొద్దాం. చౌక నూనెకు మారడం గురించి అడిగారు. మనదేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయట నుంచే వస్తుంది. ఉక్రెయిన్‌లో యుద్ధమైతే మన పొద్దుతిరుగుడు నూనె పెరుగుతుంది. ఇండోనేసియా 2022లో పామాయిల్ ఎగుమతి మూడు వారాలు ఆపితే మన బజ్జీల బండి వరకు తెలిసింది. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం దిగుమతి సుంకం పెంచగానే మళ్లీ ఎగిరింది. వీటిలో ఏదీ మన చేతిలో లేదు. మూకుట్లో ఎంత పోస్తామన్నది మాత్రం మన చేతిలోదే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మనిషికి రోజుకు సుమారు 27 గ్రాముల నూనె, కొవ్వు చాలు. ఐదుగురికి నెలకు వేస్తే నాలుగు కిలోల చిల్లర, అంటే నాలుగున్నర లీటర్లు. మీరు ఏడు వాడుతున్నారు. రకం మార్చకండి, కొలత మార్చండి. డబ్బా ఎత్తి వంచడం మానేసి గరిటెతో పోయండి. వేపుళ్లు వారానికి రెండు రోజులకు పరిమితం చేస్తే ఐదు లీటర్లలో సరిపోతుంది. నెలకు 300 మిగులుతుంది, ఆరోగ్యం పైన వచ్చిన లాభం. కొనేటప్పుడు ప్యాకెట్ మీద గ్రాములు చూడండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములుండాలి. పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద 850, 800 గ్రాములు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘పది రూపాయలు తక్కువ’ అని తీసుకునేది అదే. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకు, మిల్లీలీటరుకు ధర ఎంతో కూడా ముద్రిస్తున్నారు. కళ్లజోడు తీసుకెళ్తే సరి.

పాలు, పెరుగు 4,600. రోజుకు రెండు లీటర్లు పాలు, ఆపైన పెరుగు ప్యాకెట్లు అని రాశారు. పెరుగు ఇంట్లో తోడు పెట్టుకుంటే మిగిలేది పెద్దగా ఏమీ లేదు, నిజం చెప్పాలి కదా. మిగిలేది నెయ్యి దగ్గర. రోజూ కాచిన పాల మీద మీగడ తీసి ఫ్రిజ్‌లో పెట్టి, పది రోజులకోసారి తోడేసి చిలికితే మా ఇంట్లో నెలకు పావుకిలో పైనే నెయ్యి దిగుతుంది. మీ ‘ఇతరాలు’లో నెయ్యి సీసా ఉండే ఉంటుంది, అది కొట్టేయొచ్చు. ఈ పని మీ అత్తగారికి అప్పగించండి. నా వయసు వాళ్లకు ఇంట్లో ఒక పద్దు తమ చేతిలో ఉంటే మహా ఇష్టం.

కూరగాయలకు మాత్రం యాప్ పూర్తిగా మానేయమంటాను. కూకట్‌పల్లిలోనే రైతుబజార్ ఉంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచీ అక్కడ ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసిపెడతారు. ఆ బోర్డు ఒక్కటే చాలు, మీరు బయట ఎంత ఎక్కువిస్తున్నారో తెలియడానికి. ఆదివారం ఉదయం మీవారిని కూడా తీసుకెళ్లండి, ధరలు ఆయనకూ తెలియాలి. కొన్నాక వండే వరుస ముఖ్యం. ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. తర్వాత బెండ, బీర, వంకాయ. సొరకాయ, గుమ్మడి, చేమ, కంద, బంగాళాదుంపలు వారం చివరికి. ఈ వరుస తప్పితే గురువారం నాటికి ఫ్రిజ్ అడుగు డబ్బాలో కొత్తిమీర నీరు కారుతూ కనబడుతుంది. పారబోసేది కూడా మీరు డబ్బిచ్చి కొన్నదే. బీరపొట్టు, సొరకాయ తొక్క పచ్చడి చేయడం మీ అత్తగారికి వచ్చే ఉంటుంది.

టమాటా మీద బెంగ వద్దు. 2023 జులై, ఆగస్టుల్లో కిలో 200 దాకా పోయింది. సెప్టెంబరులో కర్నూలు వైపు రైతులు అమ్ముడుపోక పారబోశారు. రెండు నెలల తేడా! అది పెరిగినప్పుడు చింతపండు, గోంగూర, చుక్కకూర ఏవో ఒకటి పులుపునిస్తాయి. మన వంటకు టమాటా నిన్నగాక మొన్న వచ్చిన చుట్టం. చౌకగా ఉండే ఫిబ్రవరి, మార్చిలో ఒరుగులు పెట్టుకుంటే వానాకాలంలో పప్పులో వేసుకోవచ్చు.

చిరుతిళ్ల గురించి ఎక్కువ చెప్పను, పిల్లలున్న ఇంట్లో అది యుద్ధమే. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, మిక్చర్ల మీద, సబ్బులు, షాంపూల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. మంచిదే. ‘తగ్గింది కదా’ అని ఇంకో ప్యాకెట్ తేకుండా ఉంటే ఇంకా మంచిది. వారానికోసారి ఇంట్లో జంతికలో, పల్లీ ఉండలో చేసి డబ్బా నింపండి. అది ఖాళీ అయ్యేదాకా కొనడం లేదని పిల్లలకు ముందే చెప్పండి. రెండు వారాలు ఏడుస్తారు.

ఇక మీరు చివర్లో అడిగిన పన్నెండు రోజుల సంగతి. ఏటా మార్చిలో మేం రెండు రోజులు కొట్టు సగం మూసి ఉన్న సరుకు లెక్క చూసుకునేవాళ్లం. కొన్నామని మర్చిపోయి మళ్లీ కొన్నవి ప్రతి ఏడూ బయటపడేవి. మీరు రేపు పొద్దున అదే పని చేయండి. అలమరలో ఉన్నవన్నీ కింద చాప మీద పరవండి. సగం వాడి రబ్బరు బ్యాండు వేసిన ఉప్మా రవ్వ, సేమ్యా, అటుకులు, సగ్గుబియ్యం, ఎవరో తెచ్చిచ్చిన జొన్నపిండి, రెండు జీలకర్ర ప్యాకెట్లు, మూడు పసుపు ప్యాకెట్లు దొరుకుతాయి. పురుగు పట్టినవి తీసేసి మిగతావి ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించండి. ఈ పన్నెండు రోజులూ పాలు, ఆకుకూరలు, రెండు మూడు కూరగాయలు తప్ప ఇంకేమీ కొనకుండా ఆ కాగితంలో ఉన్నవి కొట్టేసుకుంటూ రండి. ఒకటో తారీఖున రాసే చీటీ ఆ కాగితం పక్కన పెట్టుకుని రాయండి.